తడి తెరకు ఇరువైపులా

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాలో మనిషి ఊరు కదలాలంటే రెండే రెండు కారణాలుండేవి: మొక్కు, వ్యాజ్యం. మొక్కున్నవాడు కాశీకి పోయేవాడు, వ్యాజ్యమున్నవాడు మద్రాసుకు పోయేవాడు. రెండూ ఉన్నవాడు ఇంటికి తిరిగి వచ్చేసరికి సగమై వచ్చేవాడు. ఊరికే చూడడానికి పోవడం అనేది ఒకటుంటుందని ఎవరికీ తట్టేది కాదు. తట్టినవాడు ఎవడైనా ఉంటే వాణ్ణి "కాలు నిలవని వెధవ" అని తీసిపారేసేవారు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. నా కాలు అసలు నిలిచేది కాదు. కానీ కాలు నిలవకపోయినంత మాత్రాన ఎక్కడికైనా పోగలమా? మద్రాసులో సర్వే, డ్రాయింగు చదివి, యోగ్యతాపత్రం గొట్టంలో పెట్టుకుని వచ్చినవాణ్ణి. నాతో చదివినవాళ్ళు కొత్తగా కడుతున్న గోదావరి రైలు వంతెన పనిలో చేరి ఎండలో నల్లబడి, నెలనెలా గొప్పలు చెప్పుకుంటుంటే, నేను మాత్రం రాజమండ్రిలో ఒక ప్లీడరుగారింట్లో కిటికీలు మూసుకుని గాజు పలకలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆ ప్లీడరుగారిని ఊరంతా పంతులుగారు అనేవారు, నేనూ అలాగే అంటాను. ఆయనకు కోర్టు ఒక కన్ను, వింత వస్తువులు ఇంకో కన్ను. ఇంటి వెనక పెద్ద గదిలో గవ్వలు, రాళ్ళు, పాత నాణేలు, గడ్డి కూరిన ఒక మొసలి (దాని తోక వైపు కుట్టు ఊడి ఎప్పుడూ గడ్డి రాలుతుండేది) పెట్టి, దానికి మ్యూజియం అని పేరు పెట్టారు. సీమకు తిరిగిపోతున్న ఒక దొరగారి సామాను ఏలం వేసినప్పుడు ఆయన ఒక మాయలాంతరునూ దానితోపాటు పదకొండు చెక్కపెట్టెల గాజు పలకలనూ తెచ్చారు. ఒక్కో పలకా అరచేయంత ఉంటుంది. దాని మీద ఫోటో అచ్చయి ఉంటుంది. లాంతరులో దీపం ముందు నిలబెట్టి కటకం గుండా వదిలితే తెర మీద గోడంత బొమ్మ అవుతుంది. వాటన్నిటికీ పట్టిక తయారుచేయడం నా ఉద్యోగం. చేశాను. కొండలు అరవై నాలుగు, జలపాతాలు పంతొమ్మిది, నదులు రేవులు నలభై ఎనిమిది, చెట్లు జంతువులు ముప్ఫై ఏడు, ఓడలు బండ్లు నలభై ఒకటి, ఏమిటో తెలియనివి ఇరవై ఏడు. వెరసి రెండు వందల ముప్ఫై ఆరు. (పంతులుగారు "ఏమిటో తెలియనివి అని రాస్తే మన పరువేం కానోయ్, ఇతరములు అని రాయి" అన్నారు. రాశాను.) ప్రతి పలకకూ పొడవు, వెడల్పు, అంచు కాగితం రంగు, గీతలు ఎన్ని, మరకలు ఎన్ని అని ఎనిమిది గదులు గీశాను. ఆ ఇంట్లో వంటాయన నాకు "కొలబద్ద" అని పేరు పెట్టాడు. వారం తిరక్కుండా పంతులుగారు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు తలచుకుంటే జాలి వేస్తుంది గాని, ఆ ఎనిమిది గదుల వెనక నేను పడిన యాతన అంతా ఇంతా కాదు. పొద్దున్నే కిటికీ సందులోంచి వచ్చే వెలుతురుకు ఎదురుగా ఒక పలక పట్టుకుంటే అందులో మంచుకొండ. ఇంకోటి పట్టుకుంటే ఏదో దేశంలో జలపాతం. బయట గోదావరిలో వంతెన స్తంభాల కోసం ధన్ ధన్ మని దెబ్బలు. ఒక్కో దెబ్బకూ నా మోకాలు దానంతటదే ఎగిరేది. పది పలకలు రాసి లేచి వీధి చివరిదాకా పోయి వచ్చేవాణ్ణి. ఇంకో పది రాసి రేవుకు పోయి, కొవ్వూరు పడవ ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ చూసి వచ్చేవాణ్ణి. స్టేషనులో రైళ్ళ వేళల పట్టిక నాకు కంఠతా వచ్చేసింది. ఎక్కే రైలు ఒక్కటీ లేదు.

అలాంటి నాకు పంతులుగారు ఒక రోజు ఆశ పెట్టారు. కిందటి ఏడు ఆయన కాశీ పోయి వచ్చారు. ఈసారి హరిద్వారం దాకా పోయి, అక్కణ్ణుంచి వీలైనంత ఎగువకు పోయి, మంచుకొండలను సొంత కెమెరాతో తీయించి, సొంత పలకలు చేయించాలని ఆయన కోరిక. కెమెరా పట్టుకునేవాణ్ణి నేను. ఆ మాట వినగానే నేను చేసిన మొదటి పని తీసుకుపోవలసిన సామాన్ల పట్టిక రాయడం. ముప్ఫై ఒక్క వస్తువులు. రెండో పని, వాటిని అప్పుడే పెట్టెలో సర్దేయడం. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది. రోజూ తువ్వాలు కోసం పెట్టె తీసి, మళ్ళీ తువ్వాలు ఆరేసి పెట్టెలో సర్దుకునేవాణ్ణి.

అడ్డం ఒక్కటే, పంతులుగారి అమ్మగారు. ఆవిడా, పెద్దాయనా కొవ్వూరులో ఉండేవారు. జడ్జీల ముందు గొంతు తగ్గించని మా పంతులుగారు తల్లి ముందు మాత్రం ఉత్తరీయం సవరించుకుంటూ నిలబడేవారు. కాశీ అంటే పుణ్యం కనుక ఆవిడ కాదనలేదు. కొండలు చూడడానికి పోతాననేసరికి, "కొండలు చూడ్డానికి ఏంటిరా అంత దూరం? పట్టిసం కొండ చూడు, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు" అందట. ఆవిడ ఊఁ అనకుండా ఆయన కదలరు. ఆయన కదలకుండా నేను కదలను. అందుకని పంతులుగారు ఒక ఉపాయం పన్నారు. లాంతరు బొమ్మల ప్రదర్శన ఒకటి పెట్టి, తల్లిదండ్రులను పడవ మీద రప్పించి, ఆ కొండలేమిటో ఆవిడకు కళ్ళారా చూపించడం. నాతో ఒకే మాట అన్నారు. "ఏమోయ్ కొలబద్దా, మా అమ్మ ఊఁ అందా, రైల్లో నా పక్కన నువ్వు. ఊహూఁ అందా, నువ్వూ నేనూ ఈ మొసలీ, ముగ్గురం ఇక్కడే."

అంతా సిద్ధం చేసుకున్నాక కొవ్వూరు నుంచి కబురు వచ్చింది. ఆవిడ వస్తుంది గాని మగవాళ్ళ మధ్య కూర్చోదు. పెద్దావిడే కూర్చోకపోతే మిగతా ఆడవాళ్ళెవరూ కూర్చోరు. ఆడవాళ్ళకు వేరే, మగవాళ్ళకు వేరే రెండు ఆటలు ఆడిద్దామంటే లాంతరు అంతసేపు వెలిగితే వేడికి పలకలు పగులుతాయి. పంతులుగారు తల పట్టుకున్నారు. అప్పుడు నా చదువు అక్కరకు వచ్చింది. (అని ఆ రోజు అనుకున్నాను.) ఇంటి హాలుకు నడిమధ్యన తెర కట్టాలి. తెర తడిపి ఉంచితే బొమ్మ బట్టకు ఇటువైపు ఎంత బాగా కనిపిస్తుందో అటువైపూ అంతే బాగా కనిపిస్తుంది. లాంతరు వైపు మగవాళ్ళు, అవతలి వైపు ఆడవాళ్ళు. ఒకే దీపం, రెండు సభలు. దీన్ని నేను నాలుగడుగులకు ఒక అంగుళం లెక్కన పటం గీసి, తెర ఎత్తు, లాంతరు దూరం, తడపడానికి నీళ్ళు ఎన్ని చెంబులు వగైరా ఏడు అంశాలతో నివేదిక రాసి ఇచ్చాను. పంతులుగారు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, "నువ్వు వంతెన పనికి పోకుండా ఇక్కడ చేరడం నా అదృష్టమోయ్" అన్నారు. ఎనిమిదో అంశం ఒకటి ఉండవలసిందని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు హాలు నిండిపోయింది. రెండు ముతక పంచెలు పక్కపక్కన కలిపి కుట్టిన తెర. దాని మీద వంటాయన చెంబుతో నీళ్ళు చల్లుతూ, "పంటచేలకు నీళ్ళు పెట్టినట్టుందయ్యా" అని గొణుగుతున్నాడు. ఇటు ముందు వరసలో పెద్దాయన, అంటే పంతులుగారి తండ్రి, పడక కుర్చీలో. ఆయన పక్కన కోర్టు వాళ్ళు, బడి పంతుళ్ళు, పొరుగువాళ్ళు. అటువైపు గాజుల చప్పుడూ గుసగుసలూ తప్ప నాకేమీ తెలియదు. పొద్దుట్నుంచీ చాపలు పరిచి అది ఆడవాళ్ళ తావు అయిపోవడంతో నేను అటు తొంగి కూడా చూడలేదు. పలకలు వరస ప్రకారమే ఉన్నాయా అని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. 

మొదటి బొమ్మ మన రాజమండ్రి రేవే వేశాను, నచ్చుతుందని. ఇటువైపు అందరూ "ఓహో!" అన్నారు. అటువైపు మాత్రం, "రేవు పక్కన గుడి అటు కదా ఉండాలి, ఇటొచ్చిందేంటే?" అని ఎవరో అన్నారు. "పాత ఫోటో అయ్యుంటుందిలే, అప్పుడు అటు ఉండేదేమో" అని ఇంకెవరో సర్దారు. రెండోది కాశీలో సత్రం, యాత్రికులు విస్తళ్ళ ముందు కూర్చుని భోజనం చేస్తున్నారు. తెర వెనక నవ్వులే నవ్వులు. "అయ్యో, అందరూ ఎడంచేత్తో తింటున్నారే!" "ఉత్తరాది ఆచారం అలాగే ఏడుస్తుంది కాబోలు!" ఆ మాటలు నాకు స్పష్టంగానే వినిపించాయి. అయినా ఆడవాళ్ళు ఆనందిస్తున్నారన్న సంతోషంలో వాటి గురించి ఆలోచించలేదు. సర్వే పరీక్షలో మొదటి తరగతి వచ్చినవాణ్ణి సుమండీ.

మూడోది పంతులుగారికి ప్రాణం. కిందటేడు కాశీలో ఒక ఫోటోగ్రాఫరు చేత తీయించుకున్నది. గంగలో మొలలోతు నీళ్ళలో నిలబడి, ఒళ్ళంతా తడిగా, చేతులు జోడించి, జందెం ఛాతీకి అంటుకుని ఉంటుంది. తల్లి మురిసిపోతుందని ఏరి కోరి వేయించారు. నేను పలక దించాను. బొమ్మ పడింది. పంతులుగారు గొంతు సవరించుకుని, "అమ్మా, ఇది..." అన్నారో లేదో, తెర వెనకనుంచి కేక.

"ఆపండి! ఆ దీపం ఆపండి! ఒరే అబ్బాయ్, కాశీలో ఏం చేసొచ్చావురా నువ్వు?"

"స్నానం చేశానమ్మా."

"స్నానమా! కుడి భుజం మీద జందెం వేసుకుని చేసే స్నానం ఏంటిరా? మీ నాన్న నిక్షేపంగా ఉండగా!"

హాలంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది. కుడి భుజం మీదికి జందెం మార్చుకునేది పితృకార్యాలకు. తండ్రి బతికి ఉన్న కొడుకు అలా నిలబడ్డాడంటే అంతకు మించిన అశుభం లేదు. ముందు వరసలో పెద్దాయన మెల్లగా కదిలి, "నేను ఇక్కడే ఉన్నానే!" అని తెరకేసి అరిచారు.

"కుడి కాదండీ పెద్దమ్మగారూ, ఎడమ భుజం మీదే ఉంది" అన్నాడు బడి పంతులు.

"కుడి!" అని అటునుంచి ఇరవై గొంతులు.

"ఎడమ!" అని ఇటునుంచి నలభై.

పంతులుగారికి కోర్టు గుర్తొచ్చింది. తెరకు ఎదురుగా నిలబడి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, "అమ్మా, నిదానంగా చూసి చెప్పు. నువ్వు చూస్తున్నది కుడి భుజమేనని నిశ్చయంగా చెప్పగలవా?" అన్నారు.

"నన్నే సాక్ష్యం అడుగుతావేంట్రా? నిన్ను కన్నదాన్ని! నీ పుట్టుమచ్చ ఎడమ భుజం మీద కదా ఉండాలి? అది కూడా కుడికి పోయింది! కాశీకి పోతే పాపాలు పోతాయని విన్నాను గాని, పుట్టుమచ్చలు అటూ ఇటూ మారతాయని ఎవరూ చెప్పలేదే!"

ఆ పుట్టుమచ్చ మాటతో నా తలలో ఏదో కూలింది. రేవు గుడి, ఎడంచేతి భోజనాలు, జందెం, అన్నీ ఒక్క గీతలో కలిశాయి. బట్టకు అటువైపునుంచి చూసేవాళ్ళకు కుడి ఎడమలు తారుమారు అవుతాయి! నా పటంలో తెర దళసరి కూడా రాశాను గాని ఈ సంగతి రాయలేదు. సంజాయిషీ చెప్పుకోవాలన్న ఆత్రంలో గట్టిగా అరిచాను. "పెద్దమ్మగారూ! తప్పేమీ లేదండి! మీరు వెనకనుంచి చూస్తున్నారండి! అందుకని..."

"వెనకేంటి నాయనా? నేను బొమ్మకు ముందే కూర్చున్నాను. మీరే వెనక కూర్చున్నారు."

  ఇక మాటలు లాభం లేదని, పలకను బయటికి లాగి (బొటనవేలు కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది), వెనక వైపు ముందుకు వచ్చేలా తిప్పి మళ్ళీ పెట్టాను. అటువైపు "హమ్మయ్య!" అని నిట్టూర్పులు. ఇటువైపు పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఓరి మీ దుంపతెగ! ఇప్పుడు నేను పోయాను!" మగవాళ్ళంతా గొల్లుమన్నారు. కంగారులో మళ్ళీ తిప్పాను. ఈసారి తలకిందులుగా పడింది. గంగ పైన, పంతులుగారు కింద, నీళ్ళలోంచి వేలాడుతూ నమస్కారం చేస్తున్నారు. వంటాయన తెర మీద చల్లబోయిన నీళ్ళు తన మీదే పోసుకున్నాడు. పంతులుగారు నా వైపు చూసిన చూపు నేను వర్ణించను. నా కళ్ళ ముందు మాత్రం పెట్టెలోని ముప్ఫై ఒక్క వస్తువులూ వరస తప్పకుండా కనిపించి, ఒక్కొక్కటే మాయమైపోయాయి.

అప్పుడు గాజుల చప్పుడు దగ్గరయింది. తెర అంచు కదిలింది. పెద్దమ్మగారు పట్టుచీర కొంగు భుజం చుట్టూ నిండుగా లాక్కుని, తెర చుట్టూ నడిచి, నిదానంగా ఇటువైపు వచ్చేసింది. అంతమంది మగవాళ్ళ ముందుకు. నవ్వులు ఆగిపోయాయి. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ ఎవరినీ చూడలేదు. సరాసరి లాంతరు దగ్గరికి వచ్చి, "కొలబద్దవి నువ్వేనా?" అంది.

"అవునండి."

"మొదట పెట్టినట్టు పెట్టు."

పెట్టాను. ఆవిడ తెర దగ్గరకంటా పోయి, కొడుకు భుజం మీది మచ్చను వేలితో ముట్టుకుని, వేలికంటిన తడిని చూసుకుని, వెనక్కి తిరిగింది. "సరిగానే ఉంది. ఏమండీ, మీరు ఉన్నారు."

"ఇందాకట్నుంచీ నేను మొత్తుకునేది అదే కదే" అన్నారు పెద్దాయన.

"మిగతావి కూడా వెయ్యి నాయనా. ఇటునుంచే చూస్తాను" అని ఆవిడ ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. మూడు నిమిషాల్లో తెర వెనక చాపలు ఖాళీ. అందరూ ఇటే. బడి పంతుళ్ళు పాపం గోడలకు అంటుకుపోయారు.

తరవాత కొండలు వేశాను. నడుమ బట్ట కుట్టు ఉండడం వల్ల హిమాలయం రెండు ముక్కలు చేసి అతికినట్టు ఉంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను గుక్క తిప్పుకోకుండా శిఖరం ఎత్తు ఎన్ని అడుగులో చెబుతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఎత్తు నేనడగలేదు నాయనా. అంత మంచులో మనుషులుంటారా?" "దిగువన ఉంటారండి." "ఆడవాళ్ళు?" తరవాతి పలక అదే. కొండదారిలో వీపున గంపలతో నలుగురు ఆడవాళ్ళు నవ్వుతూ నిలబడి ఉన్నారు.  ఆ పలకను నేను తీయబోతే, "ఉండనీ" అంది. ఉంచాను. పలక పగులుతుందేమోనని భయం ఒక పక్క, ఆవిడ ముఖంలోకి చూడాలని ఆత్రం ఒక పక్క.

ఆట అయిపోయాక పంతులుగారు ఉత్తరీయం సవరించుకుని, "ఏమంటావమ్మా?" అన్నారు. ఆవిడ అంది, "వెళ్దాం."

"వెళ్దామా?"

"అరవై ఏళ్ళుగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకూ, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకూ తిరుగుతున్నాను. చూడనంతకాలం ఏమీ లేదు. ఇదంతా చూపించి ఇప్పుడు ఇంట్లో కూర్చోమంటే ఎలా కూర్చుంటానురా? అదీగాక, మీరు చూపించే కుడి ఎడమల మీద నాకు నమ్మకం లేదు. నేనే పోయి చూసుకుంటాను. మీ నాన్నగారూ వస్తారు."

"నేనా?" అన్నారు పెద్దాయన.

"మీరు కళ్ళెదురుగా ఉంటే నాకు నిశ్చింత."

ఆవిడ వెళ్తే మడి వంట కావాలి, వంట కావాలంటే వంటాయన వెళ్ళాలి, వంటాయన వెళ్తే గిన్నెలు, గంగాళం, బియ్యం, ఊరగాయ జాడీలు వెళ్ళాలి. మర్నాడు పంతులుగారు ఆ లెక్క నా చేతనే వేయించారు. నేను ఎటునుంచి వేసినా చివరికి కెమెరాకూ దాన్ని పట్టుకునేవాడికీ చోటు మిగల్లేదు. "నీ ఆట మరీ బాగా ఆడిందోయ్ కొలబద్దా, ఏం చెయ్యను?" అన్నారు ఆయన, నిజంగానే నొచ్చుకుంటూ. గదిలోకి పోయి పెట్టె తెరిచి, ముప్ఫై ఒకటో వస్తువు నుంచి మొదటిదాకా వెనకనుంచి వరసగా బయటికి తీశాను. స్టేషనుకు పోయి వాళ్ళను రైలెక్కించింది కూడా నేనే. రైలు కదిలేటప్పుడు వంటాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు చూడండి, దాన్ని క్షమించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మూడు నెలలకు తిరిగివచ్చారు. వచ్చిన నాలుగో రోజున పెద్దమ్మగారు మ్యూజియం గదిలోకి వచ్చి, మొసలిని ఒకసారి పలకరించినట్టు చూసి, కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నీ పలకలు తియ్యి నాయనా. నువ్వు రాలేదు కదా, నేను చెబుతాను, రాసుకో" అంది. ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూస్తూ, "ఇక్కడ మెట్లు నాచు పట్టి జారతాయి", "ఈ వంతెన ఊగుతుంది, మీ పెద్దాయన కళ్ళు మూసుకుని దాటారు", "ఈ రేవులో కోతులు, నా కొబ్బరి చిప్ప పట్టుకుపోయాయి" అని చెబుతూ పోయింది. నేను గీసిన ఎనిమిది గదుల్లో ఇవేవీ పట్టలేదు. తొమ్మిదో గది ఒకటి గీసి పైన "విశేషములు" అని రాశాను. మంచుకొండ పలక వచ్చేసరికి ఆవిడ పీటను కిటికీకి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"ఇది చూశారా అండి?" అన్నాను.

"చూశాను. తెల్లారి సత్రంలోంచి బయటికొచ్చేసరికి ఎదురుగా ఉంది. ఏడుపొచ్చింది నాయనా. మా అబ్బాయి చలికి అనుకుని శాలువా కప్పాడు. చలికి కాదు. ఎందుకో నాకూ తెలీదు. అది రాసుకో."

"అది... పట్టికలో ఎలా రాయనండి?"

"నే చెప్పినట్టే రాయి."

"చూచినవారిలో ఒకరికి ఏడుపు వచ్చినది. చలివలన కాదు" అని రాశాను. అలాంటి మాట ఒక పట్టికలో ఉండడం నాకు తలవంపుగా అనిపించి, వీలైనంత చిన్న అక్షరాలతో రాశాను.

ఆ తరవాత పాతికేళ్ళకు గాని నాకు ఆ కొండ చూడడం కుదరలేదు. వంతెన పూర్తయింది, దాని మీద రైళ్ళు వచ్చాయి, ఉద్యోగాలు మారాయి, పంతులుగారూ పెద్దవాళ్ళూ ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. పెట్టెలూ పట్టికా మాత్రం ఆ గదిలోనే ఉన్నాయి. నేను ఆ కొండకు పోయినప్పుడు నా సామాన్ల పట్టికలో నలభై ఆరు వస్తువులున్నాయి, వాటిలో కోణాలు కొలిచే పరికరం ఒకటి. తెల్లవారి బయటికి వచ్చి, పరికరం నిలబెట్టి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని తల ఎత్తాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. కొలత తీసుకోలేదన్న సంగతి తిరుగు ప్రయాణంలో, సగం దారిలో రైల్లో గుర్తొచ్చింది. రాజమండ్రిలో దిగి ఇంటికి పోకుండా సరాసరి ఆ గదికి పోయి, దుమ్ము దులిపి పట్టిక తీసి, మంచుకొండ పలకకు ఎదురుగా ఉన్న తొమ్మిదో గది చూశాను. నా ఇరవయ్యేళ్ళ చేతివ్రాత, ఒంపు లేకుండా, సిగ్గుపడుతూ, అక్కడ ఒదిగి ఉంది. దాని కింద, మాకు చదువులో నేర్పిన పద్ధతి ప్రకారం, "సరిచూడబడినది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.